పాదం పోయిన చోట ఎలుక

"ఎలుక ఎవరిది?"

శఠగోపం గారు ఈ ప్రశ్న పొద్దున్నుంచి అడుగుతూనే ఉన్నారు. ఇంట్లో ఆయన కాక ఉన్నది ఇద్దరు. భార్య పెరుందేవమ్మ వంటింటి గడప దగ్గర కొంగుతో చేతులు తుడుచుకుంటున్నారు. కూతురు హంసిని గోడకు ఆనుకుని ఫోను చూస్తున్నట్టు నటిస్తోంది.

"అడిగేది మిమ్మల్నే. నిన్న సాయంత్రం నేను గోవిందరాజస్వామి గుడికి పోయేటప్పుడు ఈ మూలన పాదం ఉండె. పొద్దున లేచి చూస్తే ఎలుక ఉండాది. పాదం దానంతటది నడిచి పోయిందా?"

"పాదాలుండేది నడిచేదానికే కదండీ," అన్నారు పెరుందేవమ్మ.

ఆకలి మీదున్న మనిషితో అనాల్సిన మాటేనా అది! శఠగోపం గారు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చారు.

ఆయన గొడవ ఆయనది. తెలుగు పండితుడిగా రిటైరైన మరుసటి వారమే హంసిని ఆయన ముందు ఈ కంప్యూటరు పెట్టింది. జీవితమంతా సుద్దముక్క పట్టుకున్న చేతికి మౌసు లొంగలేదు. ఎక్కడ ఏది నొక్కితే ఏది పేలుతుందో అని భయం. అప్పుడు హంసినే తెర పై మూలన ఉన్న చిన్న గుర్తు చూపించి, "భయమెందుకు నాయనా, ఇదిగో శ్రీవారి పాదం. దీని మీద నొక్కు, అన్నీ తెరుచుకుంటాయి," అంది. ఏదో నవ్వులాటకు అన్న మాట. ఆయన నమ్మేశారు. పేరులోనే స్వామి పాదుకలను మోస్తున్న మనిషి, నమ్మకేం చేస్తారు!

అప్పటినుంచి రోజూ స్నానం చేసి, నామం పెట్టుకుని, ఆ పాదానికి దండం పెట్టి, దాని మీద నొక్కి, ఆళ్వార్ల పాశురం ఒకదానికి తెలుగులో అర్థం టైపు చేసి శిష్యులకు పంపేవారు. ఆ తరవాతే కాఫీ.

ఈ రోజు దండం పెట్టబోయి చేతులు సగంలో ఆపేశారు. పాదం ఉండే చోట మూతి, చెవులు, తోకతో సహా ఒక ఎలుక కూర్చుని ఉంది.

"నాయనా, నీ చేతి కింద ఉండేది కూడా మౌసే కదా. ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకోని తిప్పినావు," అంది హంసిని.

"అది పేరుకే ఎలుక. చెప్పిన పని చేస్తాది. ఇది స్వామి స్థానంలో కూచోనుండాది. ఇది ఎవరి వాహనమో నీకు తెల్దా? మన ఇంట్లో మొదటి పూజ వినాయకుడికి కాదు, విష్వక్సేనుడికి అమ్మణ్ణీ. ఎలుక ముందొచ్చిందంటే, దాని మీద ఎక్కేటాయన ఎనకాల వస్తా ఉండాడనే కదా అర్థం?"

"వస్తే రానీండి. ఆయనకూ కుడుములు చేసి పెడతాను," అన్నారు పెరుందేవమ్మ.

"నువ్వు ఊరికే ఉండు! మనది పిల్లికూన సంప్రదాయం. పిల్లి తన కూనను నోట కరుచుకోని పోయినట్టు స్వామే మనల్ని తీసుకోని పోతాడని నమ్ముకున్నోళ్ళం. పిల్లి ఇంట్లోకి ఎలుకనా?"

"పిల్లి ఉండే ఇల్లే కదా, అదే చూసుకుంటాది లెండి."

హంసిని నవ్వు ఆపుకోలేక దగ్గింది. శఠగోపం గారికి ఆ దగ్గు అర్థమైంది. కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"సరే. ఎవరూ చెప్పరు. నేను మాత్రం ఎలుక ఉండే కంప్యూటరును ముట్టను. పాదం తిరిగి వచ్చేదాకా కాఫీ కూడా ముట్టను."

అన్నం ముట్టనంటే పెరుందేవమ్మ పట్టించుకునేవారు కాదు. మధ్యాహ్నానికి ఆయనే వచ్చి పీట వాల్చుకుంటారు. కాఫీ మాట వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు పోయింది. కాఫీ లేకుండా శఠగోపం గారు ఒక పూట గడపడమంటే ఇంటిల్లిపాదీ ఒక పూట నరకంలో గడపడమే.

అంతలో ఫోను మోగింది. శిష్యుడు ధనంజయ. ఈ పొద్దు పాశురం రాలేదేమి స్వామీ, ఒంట్లో బాగుండాదా అని.

"ఒంట్లో బాగుండాదప్పా. ఇంట్లోనే బాగలేదు," అని పెట్టేశారు శఠగోపం గారు.

హంసిని మెల్లగా మేడ మీదికి జారుకుంది.

ఎలుక ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. తనతో పాటు కాలేజీ కంప్యూటరు ల్యాబులో పనిచేసే మునికుమార్‌ది. మునికుమార్‌ను పెళ్ళి చేసుకోవాలని ఆమె నిశ్చయించుకుని చాలా కాలమైంది. నాయనకు చెప్పడానికి నోరు రాలేదు. అబ్బాయిది శ్రీకాళహస్తి. వాళ్ళ నాయన కలంకారీ వేస్తాడు. కులం వేరు, దేవుడు వేరు. నాయన కాదంటే ఆయన్ని ఎదిరించి పోలేదు, అవునంటాడని నమ్మకమూ లేదు. అందుకే ఒక ఉపాయం పన్నింది. బూజు పట్టిన ఈ కంప్యూటరును మునికుమార్ చేత వేగంగా పరిగెత్తేటట్టు చేయించాలి. నాయన మురిసిపోయి, ఎవరమ్మా ఇది చేసింది అని అడగాలి. అప్పుడు చెప్పాలి. నిన్న సాయంత్రం నాయన గుడికి పోగానే అతన్ని పిలిపించి ఆ పని చేయించింది.

నాయన అడిగిన మాట నిజమే. అడిగిన తీరే వేరు.

"మునీ, పాదం ఎందుకు తీసినావు?" అంది ఫోనులో.

"ఏ పాదం?"

"తెర మీద, ఎడమ పక్క, పైన!"

"ఓ, గ్నోమ్ గుర్తా? హంసినీ, అది మరీ పాతకాలపు గ్నోమ్. దానికి అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయినాయి. కొత్త గ్నోమ్ పెడదామంటే ఆ కంప్యూటరు మోయలేదు. అందుకే ఎక్స్‌ఎఫ్‌సీఈ అని ఇంకోటి పెట్టినా. తేలిక. గుర్రం మాదిరి పోతా ఉండాది, సూసినావా?"

"గుర్రం కాదు, ఎలుక!"

"అవును, దాని గుర్తు ఎలుకే. ముద్దుగా ఉంటాది కదా?"

హంసిని నుదురు కొట్టుకుంది. జరిగిందంతా చెప్పింది.

"మీ నాయన రోజూ గ్నోమ్ గుర్తుకు దండం పెట్టుకుంటా ఉండెనా?"

"నవ్వినావంటే ఊరుకోను. ఇప్పుడే బస్సెక్కి రా. ఆ ఎలుక బొమ్మ తీసి పాదం బొమ్మ పెట్టు. ఒక నిమిషం పని."

"ఐకాన్ మారిస్తే సాలదు హంసినీ. లోపలుండేది ఎక్స్‌ఎఫ్‌సీఈ, పైన కనిపించేది గ్నోమ్ పాదం. అది మోసం కదా?"

"మోసం కాదు, ఐకాన్! ఇంకో మాట. నాయన అడిగితే శ్రీవారి పాదమే అను. అంతకన్నా ఒక్క ముక్క మాట్లాడొద్దు. నీకు దండం పెడతాను."

"అబద్ధం చెప్పమంటావా?"

"మన పెళ్ళి కావాలంటే చెప్పు."

ఆ మాట తేల్చకుండానే మునికుమార్ ఫోను పెట్టేశాడు. అదే ఆమెకు భయం. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ మనిషికి చెవులు ఎర్రబడతాయి. ల్యాబులో కంప్యూటరు ఎందుకు చెడిపోయిందని ప్రిన్సిపాల్ అడిగితే, నేనే చెడగొట్టినాను సార్ అని చెప్పే రకం.

మునికుమార్ వచ్చేసరికి శఠగోపం గారు ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఎలుక వైపు గుడ్లురిమి చూస్తున్నారు. కాఫీ పడక తలనొప్పి మొదలైంది. వచ్చిన మనిషి వైపు తల కూడా తిప్పలేదు.

"నాయనా, ఈయన మునికుమార్. మా ల్యాబులోనే పనిచేస్తారు. కంప్యూటరు బాగు చేస్తారు," అంది హంసిని.

"బాగు చేసేదానికి వచ్చినాడా? చెడగొట్టినోడు ఎవరో?"

"నేనే సార్," అన్నాడు మునికుమార్.

హంసిని నాలుక కరుచుకుంది. ఇంకా చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టలేదు, అప్పుడే మొదలుపెట్టాడు మహానుభావుడు!

"నువ్వా? ఏ ఊరప్పా నీది?"

"కాళహస్తి సార్."

శఠగోపం గారు పెద్దగా తల ఊపారు. "అట్ల చెప్పు. ఎలుక కాళహస్తి బస్సులో వచ్చిందన్న మాట."

"లేదు సార్, ఇంటర్నెట్లో వచ్చింది."

పెరుందేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శఠగోపం గారు కుర్చీ చూపించారు. "కూచో. ఎట్ల పెట్టినావో అట్లే తియ్యి. నా పాదం నాకు కావాల."

"తీసేదానికి ఒప్పుకోను," అన్నారు పెరుందేవమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. అంతవరకు నవ్వుతాలు ఆడుతున్న మనిషి గొంతు మారింది.

"నీకేమి పని దాంతో?" అన్నారు శఠగోపం గారు.

"ఉండాది. మధ్యాన్నం మీరు కునుకు తీసేటప్పుడు నేను దాంట్లో పేక ఆడుకుంటాను. పాదం ఉండేటప్పుడు ఒక్కో ముక్క తిరిగేదానికి నేను చారు పోపు పెట్టి రావచ్చు. రాత్రి మీరు పడుకున్నాక ఆడి చూసినా. ఎలుక వచ్చినాక ముక్కలు టకటకా పడతా ఉండాయి."

"పేకాటా! పాశురాలు రాసే కంప్యూటర్లో పేకాటా!"

"పాశురాల పక్కన ఆడలేదు. వేరే పెట్టెలో ఉండాది అది."

శఠగోపం గారికి ఏది ముందు తిట్టాలో తెలియలేదు. పేకాటను తిడదామంటే కాఫీ లేదు, ఓపికా లేదు. గొంతు తగ్గించి మునికుమార్‌ను అడిగారు. "అబ్బాయ్, ఆమె సంగతి తరవాత. ముందు నాకొకటి చెప్పు. నువ్వు తీసేసింది శ్రీవారి పాదమని నీకు తెల్దా?"

హంసిని తండ్రి వెనకనుంచి మునికుమార్ వైపు చూసి రెండు చేతులూ జోడించింది. మునికుమార్ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"అది శ్రీవారి పాదం కాదు సార్."

శఠగోపం గారు ఉయ్యాలను కాలితో ఆపారు.

"మళ్ళీ చెప్పు."

"దాన్ని గ్నోమ్ అంటారు సార్. కంప్యూటరు తెర మీద మనకు కనిపించే కిటికీలు, మెనూలు, అన్నీ కలిపి అదొక పద్ధతి. ఆ పద్ధతికి అది గుర్తు. ఎలుక ఇంకో పద్ధతికి గుర్తు. రెండూ లినక్సువే. మీకు మనసు కష్టమైతే క్షమించండి. అబద్ధం చెప్పేదానికి నాకు నోరు రాలేదు."

అని ఫోనులో ఆ గుర్తు పెద్దది చేసి చూపించాడు. పెరుందేవమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు.

"ఏమండీ, దీనికి నాలుగే వేళ్ళుండాయి."

"బొటనవేలితో కలిపా?"

"కలిపే. ఇన్నేళ్ళు దండం పెట్టినారు, ఒక్కసారైనా లెక్క చూసుకోలేదా?"

"పాదానికి దండం పెట్టేవాడు వేళ్ళు లెక్కపెడతాడా!" అన్నారు శఠగోపం గారు. గొంతు చిన్నదైపోయింది. కూతురి వైపు తిరిగారు. "నువ్వే కదా అమ్మణ్ణీ చెప్పింది. శ్రీవారి పాదం అని."

"నువ్వు భయపడతా ఉంటివి నాయనా. భయం పోతాదని ఏదో..." హంసిని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు నిజంగా నమ్ముతావని నాకు తెల్దు. నమ్మినాక చెప్పేదానికి ధైర్యం చాల్లేదు."

"ఇంకా ఎన్ని చెప్పలేదో నాకు," అన్నారాయన.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. హంసిని తల దించుకుంది. మునికుమార్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. తను చెప్పిన నిజం తన పెళ్ళిని ముంచేసిందని అప్పటికి అతనికి అర్థమైంది.

అయినా శఠగోపం గారే అడిగారు. మాష్టారు కదా, తెలియని పదం చెవిన పడితే అర్థం అడక్కుండా ఉండలేరు. "గ్నోమ్ అంటే ఏమి?"

"ఇంగ్లీషువాళ్ళ కథల్లో ఉంటాడు సార్. భూమి లోపల తిరిగే పొట్టివాడు."

"పొట్టివాడా?"

"అవును సార్. మరుగుజ్జు."

"మరుగుజ్జు పాదమా?"

"అంతే సార్."

శఠగోపం గారు ఉయ్యాల దిగి నిలబడ్డారు. మొహం వెలిగిపోతోంది. పెరుందేవమ్మ, హంసిని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒసే పెరుందేవీ! వామనుడే! మరుగుజ్జుగా వచ్చి పాదంతో లోకాలు కొలిచింది ఇంకెవరే? పేరు వాళ్ళ భాషలో పెట్టుకున్నారు, అంతే. అమ్మణ్ణి చెప్పింది నిజమే. ఆమెకే తెల్దు నిజమని!"

"సార్, వాళ్ళ ఉద్దేశం అది కాదు..." అన్నాడు మునికుమార్.

"ఉద్దేశం ఎవరిదైతే ఏమప్పా, పాదం స్వామిది."

"మరి నాలుగు వేళ్ళో?" అన్నారు పెరుందేవమ్మ.

"ఐదో వేలు బలి చక్రవర్తి నెత్తిలోకి దిగిపోయింటాది. యాడ కనబడుతుంది?"

మునికుమార్ ఈసారి ఎదురు చెప్పకుండా ఫోను జేబులో పెట్టుకున్నాడు. హంసిని అతని వైపు మెచ్చుకోలుగా చూసింది.

"కాఫీ తీసుకురా," అన్నారు శఠగోపం గారు. "నాకూ, ఈ అబ్బాయికీ."

"ఆయనకు చక్కెర తక్కువ వెయ్యమ్మా," అంది హంసిని, గబుక్కున.

పెరుందేవమ్మ వంటింట్లోకి పోతున్నవారల్లా ఆగారు. కూతురి మొహం చూశారు, మునికుమార్ చెవులు చూశారు. తల పంకించి లోపలికి వెళ్ళారు.

మునికుమార్ పనిలో పడ్డాడు. పాత గ్నోమ్ నుంచే పుట్టి దాని మాదిరే కనిపించేది, ఆ కంప్యూటరు మోయగలిగేది ఒకటి దింపాడు. దాని మీద పాదం గుర్తు నిలిపాడు. ఎలుకను తీయలేదు. లాగిన్ అయ్యే చోట ఒక చిన్న గుర్తు చూపించి చెప్పాడు.

"ఈడ నొక్కితే రెండు పేర్లు వస్తాయి సార్. మీరు కూర్చున్నప్పుడు పాదం ఎంచుకోండి. అమ్మ కూర్చున్నప్పుడు ఎలుక ఎంచుకుంటారు."

"ఒకే కంప్యూటర్లో రెండా? కొట్లాడుకోవా?"

"కొట్లాడవు సార్. లోపలికి పోయే దోవే వేరు. మీ పాశురాలు రెండింట్లోనూ అవే ఉంటాయి."

"అట్ల ఎట్ల కుదురుతాదప్పా?"

"ఎందుకు కుదరదు?" కాఫీ గ్లాసులతో వస్తూ అన్నారు పెరుందేవమ్మ. "మీ ఇంటి నామానికి ముక్కు మీదికి దిగే పాదం ఉండాది. మా పుట్టింటి నామానికి లేదు. మన పెళ్ళి నాడు ఆ తేడాకే మీ పెదనాయన పందిట్లోనుంచి లేచిపోయినాడు. మనం ఒకే ఇంట్లో లేమా? ఒకే పెరుమాళ్ళకు వండి తళిగ పెట్టడం లేదా?"

శఠగోపం గారు గ్లాసు అందుకుని కాఫీ ఒక గుక్క తాగారు. పొద్దున్నుంచి తలలో మోగుతున్న డప్పు ఆగింది. తెర మీద పాదానికి దండం పెట్టి, వేలితో నొక్కి చూసుకున్నారు. అన్నీ తెరుచుకున్నాయి. ఇదివరకటికన్నా వేగంగా తెరుచుకున్నాయి.

"అబ్బాయ్, నువ్వు నాకు నచ్చినావు. ఇంట్లో అందరూ నన్ను చిన్నపిల్లోడి మాదిరి చూసినారు. నువ్వొక్కడివే నిజం చెప్పినావు. ఊరికే పంపిస్తే నాకు బాగుండదు. నా చేతిలో ఉండేది ఏదైనా సరే, అడుగు. లేదనను."

పెరుందేవమ్మ చేతిలో కాఫీ పళ్ళెం ఠక్కున కింద పెట్టారు. "ఏమండీ, మాట ఇచ్చే ముందు కొంచెం నిదానించండి. ఇందాకనే కదా వామనుడి కథ చెప్పినారు."

"చెప్తే ఏమి? బలికి మూడు లోకాలుండె, పోయినాయి. నా దగ్గర పోయేదానికి ఏముండాది?"

"కూతురుండాది," అన్నారు పెరుందేవమ్మ మెల్లగా.

శఠగోపం గారు తన మాటకు తనే నవ్వుకుంటూ అది వినిపించుకోలేదు. "నువ్వు అడుగప్పా. సిగ్గు పడొద్దు."

హంసిని మునికుమార్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు వద్దు, ఈ పూట వద్దు అని. అతను చూడలేదో, చూసీ ఆగలేకపోయాడో. కుర్చీలోనుంచి లేచి నిలబడ్డాడు.

"సార్, నిన్న నేను వచ్చింది ఒక్క కంప్యూటరు కోసమే కాదు. హంసినీ నేనూ పెళ్ళి చేసుకోవాలనుకున్నాము. మా ఇంట్లో తెలుసు. మీరు సరే అనాల. నాకు కావాల్సింది అంతే సార్."

శఠగోపం గారి నోటి దాకా పోయిన గ్లాసు అక్కడే ఆగింది. వచ్చినప్పటినుంచీ ఆయన చూసింది ఎలుకనూ, పాదాన్నీ. మనిషిని పైనుంచి కిందికి చూడడం ఇదే మొదలు. హంసిని పక్కన నిలబడితే అతను ఆమె చెవి దగ్గరికి వస్తున్నాడు.

"పెరుందేవీ."

"ఏమండీ."

"ఈ అబ్బాయి పొట్టిగా ఉండాడు కదే. నేను చూసుకోనే లేదు."

"నాయనా, అడగమన్నది నువ్వే," అంది హంసిని.

శఠగోపం గారు ఔననలేదు, కాదనలేదు. గ్లాసు కింద పెట్టి, మునికుమార్ కాళ్ళ వైపే చూస్తూ కూర్చున్నారు.